ప్లాట్‌ఫారం మీద నిద్ర

రాత్రి పదిగంటలు దాటిన తర్వాత పారీస్ కార్నరు నుండి సెంట్రల్ స్టేషను వైపు నడచివచ్చిన వారెవరికైనా ఈ దృశ్యం క్రొత్త కాదు. అంగళ్ల తలుపులు పడగానే ప్లాట్‌ఫారం మీద చాపలు పరచుకొంటారు. గోనెపట్టా చాటున ఒక తల్లి బిడ్డను జోకొడుతూ ఉంటుంది. వాల్‌టాక్స్ రోడ్డు ప్రాంతంలో తాతల నాటినుండి ఇట్లే కాపురం చేస్తున్న కుటుంబాలున్నాయి. చెవి యొగ్గి వింటే మన తెలుగుమాటా వినవస్తుంది.

పాఠకులతో ఒక సంగతి దాచకుండా చెప్పుకోవలె. కొన్నేళ్ల క్రిందట మా వీధి గోడవార పడుకొనే మూడు కుటుంబాలను పంపివేయవలసినదిగా వీధివారందరూ కలిసి అర్జీ పెట్టినారు. గుమాస్తాగిరీలో అలవడిన ఇంగ్లీషుతో దాని ముసాయిదా వ్రాసినది మేమే. ‘నూయిసెన్సు’ అనే మాట రెండుచోట్ల వాడినాము కూడా. వారం తిరగకుండా గోడవార ఖాళీ అయినది. మరునాడు మా యింట అంట్లు తోమే మనిషి రాలేదు. ఆ కుటుంబాలలో ఆమెదీ ఒకటి. “పని ఇక్కడ ఉన్నందుకే గదా ఆమె ఇక్కడ పడుకొన్నది! ఇప్పుడెక్కడికి పోతుంది?” అని మా యింటావిడ అడిగినది. మేము జవాబు చెప్పలేకపోయినాము.

అదే ప్రశ్న మన దేశపు అత్యున్నత న్యాయస్థానం ముందుకు ఏనాడో వచ్చినది. 1981 జూలైలో, నడివానకాలంలో, బొంబాయి ప్లాట్‌ఫారాల మీది గుడిసెలు పెరికివేసి, అక్కడివారిని సొంత ఊళ్లకు పంపివేస్తామని నాటి ముఖ్యమంత్రి అంతులే ప్రకటించినారు. పత్రికా రచయిత్రి ఓల్గా టెల్లిస్, మరికొందరు ప్లాట్‌ఫారం వాసులు సుప్రీంకోర్టు తలుపు తట్టినారు. వారిలో ఒకరు మన సేలం ప్రాంతపు కూలి. కరవువల్ల పని లేక 1961లో బొంబాయి చేరినవాడు. అతనిని బస్సెక్కించి సేలం పంపితే, భార్యాబిడ్డలను అక్కడ వదలి, పనికోసం తిరిగి బొంబాయి ప్లాట్‌ఫారానికే వచ్చినాడు. మా యింటావిడ ప్రశ్నకు ఇంతకంటె సాక్ష్యం ఏమి కావలె?

1985 జూలై 10న ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌గారితోబాటు మన తెలుగువారు ఓ. చిన్నపరెడ్డిగారు, మద్రాసు హైకోర్టు నుండి వెళ్లిన ఎ. వరదరాజన్‌గారు ఆ ధర్మాసనంలో ఉన్నారు. బ్రతికే హక్కులో బ్రతుకుతెరువు హక్కు కూడా చేరి ఉన్నదని వారు తేల్చినారు. అంతమాత్రాన ప్లాట్‌ఫారం మీద కాపురముండే హక్కు ఉన్నదని అనలేదు. దారి నడిచేవారి కొఱకే అన్నారు. తొలగించవచ్చు గాని, సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి, వారు చెప్పేది వినవలెనన్నారు. వానలు వెళ్లేదాకా, అనగా అక్టోబరు 31 దాకా, కదిలించరాదన్నారు. 1976 జనాభా లెక్కలో గుర్తింపుకార్డు పొందినవారికి వేరుచోటు చూపవలెనన్నారు.

ఆనాడే మన పట్నపు వ్యాజ్యంలోనూ తీర్పు వచ్చినది. వేరుచోటు చూపకుండా ఇక్కడి పేదలను లేపివేయరాదని న్యాయవాది కె. చంద్రుగారు వేసిన దావా అది. తర్వాత ఆయన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయినారు. ప్రభుత్వం చేపట్టిన పనులను కోర్టు గమనించి, ఆ శ్రద్ధ ఇకముందూ చూపుతుందన్న నమ్మకం వెలిబుచ్చినది.

చోటు చూపినంతనే పని తీరిందా? కణ్ణగి నగర్, పెరుంబాక్కం వంటి చోట్ల ఇళ్లు కట్టినారు. కాని అవి పట్నానికి దక్షిణపు అంచున ఉన్నవి. తెల్లవారుజామున కొత్తవాల్ చావిడి చుట్టుప్రక్కల మూటలు మోయవలసినవానికి అంతదూరపు ఇల్లు నిద్రకు పనికివచ్చినా కూలికి పనికిరాదు. 2013లో కేంద్రప్రభుత్వ పథకం లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే రాత్రి వసతి ఉండవలెనన్నది. అది పనులున్న చోటికి దగ్గరగా ఉంటేనే ఫలితం.

మన పిల్లలు వెళ్లి స్థిరపడుతున్న అమెరికాలోనూ ఈ తగాదా ఉన్నది. ఆరిగన్ రాష్ట్రంలో గ్రాంట్స్ పాస్ అనే చిన్నపట్నం ఆరుబయట దుప్పటి కప్పి పడుకొన్నవారికి జరిమానా వేసినది. 2024 జూన్ 28న అక్కడి సుప్రీంకోర్టు, ఆరుగురొకవైపు ముగ్గురొకవైపుగా, అది క్రూరశిక్ష కాదన్నది. ఇక్కడ 2021 జూలైలో, కరోనా నాళ్లలో, బిచ్చగాళ్లను వీధుల్లోకి రానీయకుండా ఆపమని కోరితే, కలవారి కళ్లతో చూడలేమని కాదన్న ధర్మాసనానికి పెద్ద డి.వై. చంద్రచూడ్‌గారు. 1985 తీర్పు చెప్పినవారి కుమారుడే ఆయన.

దారి నడిచేవారి ఇబ్బంది అబద్ధం కాదు. చీకట్లో కాలికి మనిషి తగిలితే మనకూ ఉలికిపాటే. కాని చట్టం కూడా ముందు అడిగి, విని, తర్వాత కదిలించమన్నది. మా అర్జీలో ఆ రెండూ లేవు.

మొన్న మా వీధిలో మళ్లీ ఒక అర్జీ తిరిగినది. ముసాయిదా దిద్దిపెట్టమని మా దగ్గరికే తెచ్చినారు. ‘వీరికి రాత్రి చోటెక్కడ? పగలు పనెక్కడ?’ అని అంచున వ్రాసి, సంతకం చేయకుండా తిరిగి యిచ్చినాము. కొందరికి కోపం వచ్చినది. జవాబు మాత్రం ఇంకా రాలేదు.