పేరు మారినా మారని వేలిముద్ర

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు పల్లెల నుండి ఎందరో యువతీయువకులు ఉద్యోగార్థం బెంగళూరుకు వెళుతున్నారు. వారిలో సాఫ్ట్‌వేర్ వృత్తి చేపట్టినవారూ ఉన్నారు. ఆ వృత్తిలోని ఒక ముఖ్యమైన పనిని వారి తల్లిదండ్రుల కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

పెళ్లి వస్తే ప్రతి ఇంటివారూ కొత్త గుండిగలు కొనరు. ఊరుమ్మడి పాత్రలు తెచ్చుకుంటారు. అట్లే ప్రోగ్రాం రాసేవారు ఇతరులు రాసి ఉంచిన ఫైళ్లను తమ పనిలో చేర్చుకుంటారు. వీటినే లైబ్రరీలు అంటారు. వాటిని పేరు, వెర్షన్ సంఖ్యలతో కట్టగట్టి ఇచ్చేది ప్యాకేజీ.

2021 డిసెంబరులో 'లాగ్‌ఫోర్‌జె' అనే జావా లైబ్రరీలో ఘోరమైన లోపం బయటపడింది. ఎక్కడో ఉన్న దుండగుడు ఒక చిన్న వాక్యం పంపి, ఆ కంప్యూటరు చేత తన ఆజ్ఞలు చేయించుకోగల లోపమది. ఆ లైబ్రరీ తమ కంప్యూటర్లలో ఎక్కడెక్కడ ఉన్నదో సంస్థలు వెదకవలసి వచ్చింది. అయితే ఫైలు పేరును ఎవరైనా మార్చవచ్చు. పేరును నమ్మి వెదికితే దొరకదు.

ఇక్కడ ఆదుకొనేది 'హ్యాష్'. ఫైలులోని సమస్త సమాచారాన్ని గణితసూత్రంతో మథించగా వచ్చే నిర్ణీత పొడవు గల సంకేతమిది. 'షా-256' పద్ధతిలో ఇది 64 అక్షరాలు, అంకెల వరుస. పేరు మార్చినా హ్యాష్ మారదు. లోపల ఒక్క అక్షరం మారినా పూర్తిగా మారిపోతుంది. రిజిస్ట్రారు కచేరీలో పత్రంపై వేసే వేలిముద్ర వంటిదన్నమాట. జావా ప్యాకేజీల భాండాగారమైన 'మావెన్ సెంట్రల్' తన ఫైళ్లతో పాటు వాటి హ్యాష్‌లను కూడా ప్రచురిస్తుంది. చేతిలోని ఫైలు హ్యాష్‌ను వాటితో పోల్చితే, అది ఏ ప్యాకేజీది, ఏ వెర్షన్‌ది అన్నది తేలుతుంది.

దీనికీ హద్దులున్నాయి. లైబ్రరీని విడదీసి మరొక ఫైలులో కలిపివేస్తే హ్యాష్ సరిపోలదు. కనుక సరిపోలలేదన్నంత మాత్రాన లోపం లేదని అనుకోరాదు. పాత పద్ధతియైన 'షా-1'లో, రెండు వేర్వేరు ఫైళ్లకు ఒకే హ్యాష్ వచ్చేటట్లు చేయవచ్చునని 2017లో పరిశోధకులు నిరూపించారు. అన్నింటికన్నా ముఖ్యమైన మాట: హ్యాష్ ఫైలు ఏదో చెబుతుంది గాని, అది మంచిదో చెడ్డదో చెప్పదు.

ఇంట్లో పిల్లలు ఏదైనా సాఫ్ట్‌వేర్ దింపుకొన్నప్పుడు, తయారీదారు తన సైటులో హ్యాష్ ప్రకటించి ఉంటే పోల్చి చూడమనండి. విండోస్‌లో 'సర్ట్‌యుటిల్', లినక్స్‌లో 'షా256సమ్' అనే ఆజ్ఞలు అందుకు ఉన్నాయి. నిమిషం పట్టని పని. ముద్ర కలవకపోతే ఆ ఫైలును తెరవకుండా తీసివేయడమే క్షేమం.