31 కాదు, 138: వీడియో గేమ్ నేర్పే గిటార్ లెక్క

కొత్తగా గిటార్ కొన్నవాళ్లలో నూటికి 90 మంది ఏడాది తిరక్కుండానే దాన్ని మూలన పెట్టేస్తారు. ఈ మాట అన్నది ఎవరో విమర్శకులు కాదు, అమెరికాలోని ప్రఖ్యాత గిటార్ల కంపెనీ ఫెండర్‌కు సీఈఓగా పనిచేసిన ఆండీ మూనీ. కొన్నవాళ్లు ఎందుకు ఆగిపోతున్నారన్న దిగులుతోనే ఆ కంపెనీ 2017లో ‘ఫెండర్ ప్లే’ పేరుతో ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టింది.

ఎందుకు ఆగిపోతారో మొదటి వారంలోనే తెలుస్తుంది. మన దగ్గర చాలామంది మొదట కొనేది అకౌస్టిక్ గిటార్. దాని సన్నటి తీగ మందం సాధారణంగా 0.012 అంగుళాలు, అంటే మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అది పది కిలోలకు పైగా బిగింపుతో ఉంటుంది. అలాంటి తీగలు ఆరు. వాటిని లేత వేళ్లతో చెక్కకు ఆనేలా నొక్కాలి. వేలి కొనలు గట్టిపడేదాకా కొన్ని వారాలపాటు నొప్పి తప్పదు. ఆ వారాల్లో చెవికి ఇంపుగా వినిపించేది దాదాపు ఏమీ ఉండదు. నొప్పి ఇవాళ, పాట ఎప్పుడో. ఈ మధ్య కాలాన్ని దాటించగలిగితే చాలు, చాలామంది నిలబడతారు. వీడియో గేమ్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. ఎంతవరకు పనికొస్తుందో లెక్కలు వేసి చూద్దాం.

2005 నవంబరులో ప్లేస్టేషన్ 2 కోసం ‘గిటార్ హీరో’ వచ్చింది. తయారుచేసింది హార్మోనిక్స్. ఎమ్‌ఐటీలో చదువుకున్న అలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ 1995లో పెట్టిన సంస్థ అది. ఆట కోసం ఇచ్చిన ప్లాస్టిక్ గిటార్‌కు తీగలు లేవు. ఎడమ చేతికి ఐదు రంగుల మీటలు, కుడి చేతికి పైకీ కిందికీ కదిపే ఒక కడ్డీ ఉంటాయి. తెర మీద రంగు చుక్కలు మన వైపు జారుతూ వస్తాయి. చుక్క గీతను తాకే క్షణంలో అదే రంగు మీట నొక్కి కడ్డీ కదపాలి. ఈ సరదా ఎంత ముదిరిందంటే, 2007లో వచ్చిన మూడో భాగం అమ్మకాలు 100 కోట్ల డాలర్లు దాటాయి. ఆ తర్వాత మోజు అంతే వేగంగా చల్లారి, 2011 ఫిబ్రవరిలో ఆ ఆటను అమ్మే యాక్టివిజన్ సంస్థ గిటార్ హీరో విభాగాన్నే మూసేసింది.

ఐదు మీటలను ఒక్కొక్కటిగా, జంటలుగా, ఎన్ని రకాలుగా కలిపి నొక్కినా వచ్చే అమరికలు 31 మాత్రమే. ఇప్పుడు అసలు గిటార్ చూడండి. దాని మెడ మీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు పట్టీలే ఫ్రెట్‌లు. 22 ఫ్రెట్‌లు ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌పై ఆరు తీగలకు కలిపి 132 చోట్లు. ఏమీ నొక్కకుండా మీటే ఆరు తీగలను కలిపితే 138. ఇవి ఒక్కో స్వరం పలికే చోట్లు మాత్రమే, కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి పలికించే కార్డ్స్ లెక్క వేరే. పైగా ప్లాస్టిక్ మీటను ఎలా నొక్కినా ఒకటే. తీగను కాస్త వదులుగా నొక్కితే గరగర, గట్టిగా లాగితే అపశ్రుతి. గిటార్ హీరోలో ఎంత ఆరితేరినా గిటార్ రాకపోవడానికి కారణం ఈ తేడాయే. దాంతో అబ్బేది లయ, రెండు చేతుల సమన్వయం. అవి చిన్న విషయాలని నేను అనను. కానీ తీగ మీద వేలు పడనిదే గిటార్ రాదు.

ఈ లోటు హార్మోనిక్స్‌కూ తెలుసు. 2010లో ‘రాక్ బ్యాండ్ 3’ అనే మరో ఆటతో పాటు 17 ఫ్రెట్‌లు, ఒక్కో ఫ్రెట్‌లో ఆరు మీటలు, మొత్తం 102 మీటలున్న కంట్రోలర్ తెచ్చింది. దాని ధర 150 డాలర్లు. ఆ మరుసటి ఏడాది నిజమైన తీగలున్న స్క్వయర్ బ్రాండు గిటార్‌నూ అదే ఆటకు కంట్రోలర్‌గా 280 డాలర్లకు అమ్మారు. చెక్క మీద వేలు ఎక్కడుందో యంత్రానికి తెలియజేసే ఏర్పాట్లు ఇవన్నీ.

2011 అక్టోబరులో యూబీసాఫ్ట్ వాళ్ల ‘రాక్‌స్మిత్’ మరో దారి పట్టింది. ప్రత్యేక గిటార్ అక్కర్లేదు, ఇంట్లో ఏ ఎలక్ట్రిక్ గిటార్ ఉంటే అదే చాలు. ఒక వైపు గిటార్ జాక్, మరో వైపు యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో కలిపి ఆట ధర 80 డాలర్లు. వేలు ఎక్కడుందో చూడటం మానేసి, తీగ ఏం పలికిందో వినడం మీదే ఆట మొత్తం కట్టారు. తర్వాత 2013లో వచ్చిన ‘రాక్‌స్మిత్ 2014’ను, గిటార్ నేర్చుకోవడానికి ఇంతకన్నా వేగమైన దారి లేదంటూ ప్రచారం చేశారు. ప్రచారం సంగతి పక్కన పెట్టి, ఆ యంత్రపు చెవి ఎలా వింటుందో చూడాలి. నేర్చుకునేవాడికి ఆటలోని బలాబలాలన్నీ అక్కడే దొరుకుతాయి.

మామూలు శ్రుతిలో గిటార్ ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావుది, సెకనుకు 82.41 సార్లు కంపిస్తుంది, సన్నటి ఒకటో తీగ 329.63 సార్లు. ఒక్కో ఫ్రెట్ దాటినప్పుడల్లా ఈ సంఖ్య 1.0595 రెట్లు అవుతుంది. అలా పన్నెండు దాటితే సరిగ్గా రెట్టింపై, పై స్థాయి స్వరం పలుకుతుంది. 648 మిల్లీమీటర్ల తీగ అయితే మొదటి ఫ్రెట్ పై నుంచి దాదాపు 36 మిల్లీమీటర్ల దూరంలో, పన్నెండోది సరిగ్గా సగంలో 324 దగ్గర ఉంటాయి. గిటార్ మెడ కిందికి వచ్చేకొద్దీ ఫ్రెట్‌లు దగ్గర పడేది అందుకే.

ఇప్పుడు యంత్రం ఇబ్బంది చూడండి. ఆరో తీగ ఒక్కసారి కంపించడానికి 12 మిల్లీసెకన్లు పడుతుంది. స్వరం ఏదో పోల్చుకోవాలంటే రెండు మూడు కంపనాలైనా వినాలి, అంటే 24 నుంచి 36 మిల్లీసెకన్లు. ఒకటో తీగకైతే ఒక కంపనం 3 మిల్లీసెకన్లే. మంద్రస్థాయి స్వరాన్ని ఏ యంత్రమైనా ఆలస్యంగానే గుర్తుపడుతుంది. ఇది తయారీ లోపం కాదు, ధ్వని స్వభావమే అంత. పైగా ఆరో తీగ ఖాళీగా మీటితే వచ్చే స్వరానికీ, మొదటి ఫ్రెట్‌లో నొక్కితే వచ్చే స్వరానికీ తేడా సెకనుకు ఐదు కంపనాలు కూడా లేదు.

అయినా ఈ ఆటలు ఇంత చక్కగా ఎలా పనిచేస్తున్నాయి? ఎందుకంటే మీరు వాయించేదేమిటో ఆటకు ముందే తెలుసు. జవాబులు పక్కన పెట్టుకుని పేపరు దిద్దే పంతులుకు పని సులువు కదా. ఏ క్షణంలో ఏ స్వరం రావాలో పాటలోనే రాసి ఉంటుంది కాబట్టి, అది వచ్చిందా లేదా అన్నంతవరకే యంత్రం చూస్తుంది.

ఆటలో కొత్తవాళ్లను ఎక్కువగా విసిగించేది ఆలస్యం. నిమిషానికి 120 బీట్లు నడిచే పాటలో బీటును నాలుగుగా విడగొడితే ఒక్కో భాగం 125 మిల్లీసెకన్లు. కొత్త తరం టీవీలు బొమ్మనూ శబ్దాన్నీ శుద్ధి చేసి చూపించడానికి కొన్నిసార్లు 100 మిల్లీసెకన్ల వరకు తీసుకుంటాయి. మీరు సరిగ్గానే మీటినా, శబ్దం దాదాపు ఒక భాగం వెనకబడి వినిపిస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు 343 మీటర్లు పోతుంది కాబట్టి, ఇది మీ ఆంప్లిఫయర్ 34 మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క. టీవీ స్పీకర్లు వదిలేసి, శబ్దాన్ని విడి వైరుతో హెడ్‌ఫోన్లకో స్పీకర్లకో ఇవ్వమని రాక్‌స్మిత్ తయారీదారులే చెప్పింది ఇందుకే. ఈ ఒక్క సర్దుబాటు చేయక, తమకు తాళజ్ఞానం లేదనుకుని ఎవరైనా మానేస్తే అంతకన్నా అన్యాయం లేదు. మొట్టమొదట ఇదే సరిచూసుకోండి.

నేర్పే పద్ధతిలో రాక్‌స్మిత్‌కు రెండు ఆయుధాలున్నాయి. మొదటిది, మీ స్థాయిని బట్టి పాటను మార్చడం. పాటను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, మొదట ఒక్కో ముక్కలో ఒకటి రెండు స్వరాలే చూపిస్తుంది. అవి తప్పు లేకుండా వస్తే మరికొన్ని కలుపుతుంది, తడబడితే తగ్గిస్తుంది. దీనివల్ల మొదటి రోజే పాట వెనక వాద్యబృందం మోగుతుంటే మీరూ ఓ స్వరం వేస్తారు. ‘పాట ఎప్పుడో’ అన్న దిగులు అక్కడికక్కడే తీరుతుంది. ఆట చేసే గొప్ప మేలు ఇదే. అందులో ఒక చిక్కు కూడా ఉంది. ఇవాళ రెండు స్వరాలకు అలవాటుపడిన వేళ్లు రేపు అక్కడే పూర్తి కార్డ్ పట్టాల్సి వస్తే, పాత అలవాటును ముందు వదిలించుకోవాలి.

అందుకే నా ఓటు రెండోదానికి. దాని పేరు ‘రిఫ్ రిపీటర్’. కష్టమైన ముక్కను ఎంచుకుని, స్వరాలన్నీ ఉంచి, వేగం మాత్రం తగ్గించి మళ్లీ మళ్లీ వాయించే ఏర్పాటు. 120 బీట్ల పాటను 60 శాతం వేగానికి తెస్తే 72 బీట్లు అవుతుంది. 125 మిల్లీసెకన్ల వ్యవధి 208కి పెరుగుతుంది. వేలు ఒక ఫ్రెట్ నుంచి మరో ఫ్రెట్‌కు చేరడానికి ఆ 83 మిల్లీసెకన్లు పెద్ద వరం. సరళీ వరసలు మొదటి కాలంలో స్థిరపడ్డాకే రెండో కాలానికి పంపే మన గురువులకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు. యంత్రం విసుగు లేకుండా ఎన్నిసార్లయినా తోడు వాయిస్తుంది, కొత్తదనం అంతే. కానీ ఇంట్లో ఒంటరిగా సాధన చేసేవాడికి ఆ తోడు చాలా విలువైనది.

ఇక యంత్రానికి వినపడనివి. 22 ఫ్రెట్‌ల గిటార్‌పై 138 చోట్లున్నా, పలికే వేర్వేరు స్వరాలు 47 మాత్రమే. ఒకే స్వరం చాలా చోట్ల దొరుకుతుంది. ఒకటో తీగను ఖాళీగా మీటితే వచ్చే స్వరమే రెండో తీగ ఐదో ఫ్రెట్‌లోనూ, మూడో తీగ తొమ్మిదిలోనూ, నాలుగో తీగ పద్నాలుగులోనూ, ఐదో తీగ పంతొమ్మిదిలోనూ ఉంది. స్వరం ఎంత ఎత్తులో ఉందో వినే యంత్రానికి ఐదూ ఒకటే. తెర ఒక చోటు చూపిస్తే, మీరు చెయ్యి సౌకర్యం కొద్దీ మరోచోట వాయించినా మార్కులు పడతాయి.

కార్డ్స్ దగ్గర ఇబ్బంది ఇంకా లోతైనది. ఏ తీగా ఒక్క కంపనంతో మోగదు, దాని రెట్లు కూడా సన్నగా కలిసి మోగుతాయి. ఆరో తీగ 82.41కి మూడు రెట్లు 247.23. రెండో తీగ అసలు కంపనం 246.94. నాలుగు రెట్లు 329.64, ఒకటో తీగ 329.63. ‘E మేజర్’ కార్డ్ పట్టి ఆరు తీగలూ మీటినప్పుడు, ఒకటో తీగ నిజంగా మోగిందా, లేక అది ఆరో తీగ లోపలి నాదమేనా అని విడదీయడం మహా కష్టం. అందుకే ఇలాంటి ఆటలు కార్డ్స్ విషయంలో కొంత ఉదారంగా ఉంటాయి. రెండు తీగలు మూగబోయినా ‘సరే’ అనేస్తాయి. మీ చెవి మాత్రం సరే అనకూడదు. కార్డ్ పట్టాక ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా మీటి వినడం పాత పద్ధతే, దానికి సాటి మరొకటి లేదు.

బొటనవేలు మెడ వెనక ఎక్కడుంది, మణికట్టు ఎంత వంగింది, భుజం బిగుసుకుందా, పిక్‌ను ఎలా పట్టుకున్నారు, ఇవేవీ కేబుల్ గుండా ప్రయాణించవు. నొప్పులు తెచ్చిపెట్టేవి ఇవే, తర్వాత దిద్దుకోవడానికి కష్టమైనవీ ఇవే. వీటికి మనిషి కళ్లు కావాలి. నెలకు ఒకటి రెండుసార్లయినా గురువు ముందు కూర్చుంటే సగం తప్పులు ముదరకముందే పోతాయి.

తెర లాగేసుకునేది మరొకటి ఉంది: వినడం. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ నేర్చుకున్న తీరు గుర్తుచేసుకోండి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని అదే తీగల మీద పలికించేవాడు. ఏ ఫ్రెట్‌లో వేలు పెట్టాలో చూపించేవాళ్లు లేకపోవడం వల్ల చెవే దారి వెతుక్కుంది. ఆ ప్రతిభ అందరికీ ఉండదు, నిజమే. కానీ ఆట చేసేది సరిగ్గా దీనికి ఉల్టా. చెవికి పని లేకుండా కంటికి అన్నీ చూపిస్తుంది. తెర ఆపేస్తే పాట మరిచిపోయేవాళ్లు తయారయ్యేది ఇలాగే. రాక్‌స్మిత్ 2014 ఈ ప్రమాదాన్ని కొంత గ్రహించింది. ఒక ముక్క పూర్తిగా వచ్చేశాక తెర మీది స్వరాలను మెల్లగా మాయం చేస్తుంది. అక్కడి దాకా చేరినవాళ్లకు గిటార్ పట్టుబడినట్టే.

అకౌస్టిక్ గిటార్ ఉన్నవాళ్లకు దారి మూసుకుపోలేదు. ఫిన్లండ్ నుంచి వచ్చిన యూసిషియన్ లాంటి యాప్‌లు ఫోన్ మైక్‌తోనే వింటాయి. 2022 సెప్టెంబరులో వచ్చిన ‘రాక్‌స్మిత్+’ కూడా ఫోన్‌ను మైక్‌గా వాడుకోనిస్తుంది. మైక్ గదిలోని ఫ్యాన్ శబ్దాన్నీ పక్కింటి మాటలనూ కలిపి వింటుందని గుర్తుంచుకుని, ఫోన్‌ను గిటార్‌కు దగ్గరగా పెట్టుకోవాలి. రాక్‌స్మిత్+కు విడుదలైనప్పుడు అమెరికాలో నెలకు 15 డాలర్లు, ఏడాదికి 100 డాలర్ల చందా ఉండేది. చందా ఆపితే పాటలు పోతాయి. కొనుక్కుని ఉంచుకునే వీలున్న పాత రాక్‌స్మిత్ 2014ను 2023లో అమ్మకం నుంచి తీసేశారు. పాటల లైసెన్సులతో నడిచే వ్యాపారంలో ఏదీ శాశ్వతం కాదు. కాబట్టి మీరు నేర్చుకున్న పాట ఆటలో కాదు, మీ చేతుల్లో ఉండాలి.

నా తీర్పు ఇది. మొదటి నెలల్లో మనిషిని గిటార్ దగ్గర కూర్చోబెట్టడానికి ఈ ఆటలు మంచి సాధనాలు, పిల్లలకైతే మరీ. గురువుకు బదులుగా మాత్రం పనికిరావు. గంట సాధనలో ముప్పావు గంట ఆటతో గడిపితే, మిగిలిన పావుగంట తెర ఆపి వాయించండి. మీకు నచ్చిన తెలుగు పాట పల్లవి ఒకటి తీసుకుని, ఎవరూ ఫ్రెట్‌లు చూపించకుండా, ఒక్క తీగ మీదే వెతుక్కోండి. మొదట ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆ పావుగంటను మాత్రం ఏ రోజూ వదలకండి.