పాత యంత్రము – క్రొత్త వ్యవస్థ



పాత ల్యాప్‌టాపులో విండోస్ 11 స్థాపింపబోగా, అది సగములో నిలిచి మరల పాత వ్యవస్థయే తెరపైకి వచ్చినదని బెజవాడలో నా పూర్వశిష్యులు కొందరు విచారించుచుందురు. అట్లు వెనుకకు మరలుట యంత్రమునకు ఆత్మరక్షణమే గాని నాశము కాదని వారికి చెప్పుచుందును.

కృష్ణ పొంగునని తెలిసినంతనే లంకవాసులు పశువులను, ధాన్యమును మెరకకు చేర్చుదురు. మీరును మరల యత్నించుటకు పూర్వము మీ వ్రాతలను, ఛాయాచిత్రములను వేఱొక డిస్కులో భద్రపఱచుకొనుడు. వ్యవస్థను మరల స్థాపింపవచ్చును. పోయిన వ్రాత తిరిగి రాదు.

కారణము లేక కార్యము లేదు. కావున తెరపై కనబడిన దోషసంఖ్యను కాగితముపై వ్రాసికొని, మూడు విషయములు పరిశీలింపుడు. మొదటిది చోటు: డిస్కు నిండియున్నచో క్రొత్తది ఇముడదు. రెండవది పరికరములు: ప్రింటరు, పెన్‌డ్రైవు మొదలగువానిని తొలగించి, డ్రైవర్లను నవీకరించి, ఛార్జరు తగిలించియే పని ప్రారంభింపవలెను. మూడవది అర్హత: విండోస్ 11నకు 4 జీబీ ర్యాము, 64 జీబీ డిస్కు, ఆమోదిత ప్రాసెసరు, టీపీఎం 2.0 అను భద్రతాంగము ఆవశ్యకములు. ఈ చివరిది కొన్ని యంత్రములలో ఉండియు, బయాసులో ఆపివేయబడి యుండును, అదియు చూడవలెను. నిజముగా అర్హతయే లేనిచో మాటిమాటికి యత్నించుట వృథాశ్రమ.

విండోస్ 10నకు సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14న ముగిసినది. కావున అట్టి యంత్రమున, తెలుగు చక్కగా చూపగల లినక్సును ముందు పెన్‌డ్రైవు నుండి నడిపి చూచి, కుదిరినచో స్థాపించుకొనుడు. ముసలిదైనంతమాత్రమున యంత్రమును పాఱవేయ నక్కఱలేదు.