మీకు తెలుసా? మాస్క్ తీసేసినా నీటి అడుగున ఊపిరి ఆగదు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరది. అంత ఒండ్రుతో పారే నీటిలో మనిషిని వెతకడానికి దిగిన డైవర్‌కు చేయి చాపితే ఆ చేయి కూడా కనబడదు. అక్కడ అతన్ని కాపాడేది చూపు కాదు, తొణకని ఊపిరి. వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగుకు దిగే స్కూబా శిక్షణలో దానికోసమే ఒక పాఠం ఉంది. నీటి అడుగున మాస్క్ తీసేసి, కంగారు లేకుండా గాలి పీల్చడం. చాలామంది కొత్తవాళ్లు భయపడేది ఈ పాఠానికే. దాని వెనకున్న సంగతులు తెలిస్తే సగం భయం ఒడ్డునే పోతుంది.

గాలి ఇచ్చేది మాస్క్ కాదు

మాస్క్ చేసే పని కళ్ల ముందు కాస్త గాలిని నిలిపి చూపు ఇవ్వడం. ఊపిరి వచ్చేది నోట్లో పట్టుకునే రెగ్యులేటర్ నుంచి. ఇప్పుడు వాడుతున్న పద్ధతికి దారి వేసింది 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ తయారుచేసిన ఆక్వాలంగ్. పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడా గాలిని అది అందిస్తుంది. మాస్క్ జారిపోయినా రెగ్యులేటర్ నోట్లో ఉన్నంతసేపూ గాలికి లోటు లేదు.

మరి ఊపిరి ఎందుకు బిగుసుకుంటుంది?

నుదురు, కళ్ల చుట్టూ, ముక్కు మీద చల్లటి నీరు తగలగానే ట్రైజెమినల్ నరం మెదడుకు కబురు పంపుతుంది. వెంటనే ఊపిరి కాసేపు బిగుసుకుంటుంది, గుండె వేగం తగ్గుతుంది, చేతుల్లో కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. దీన్ని డైవింగ్ రిఫ్లెక్స్ అంటారు. ఒక రకం గుండెదడతో వచ్చిన పసిపిల్లల ముఖం మీద డాక్టర్లు చల్లటి ఐసు సంచి పెట్టి దడను తగ్గించేది ఈ రిఫ్లెక్స్ ఆధారంగానే. కాబట్టి మాస్క్ తీయగానే ఊపిరి బిగబట్టడం పిరికితనం కాదు. ఒళ్లు తనను తాను కాపాడుకునే తీరు. అభ్యాసం చేసేకొద్దీ ఊపిరి బిగబట్టకుండా ఉండటం అలవాటవుతుంది.

ముక్కును మూసే భాగం మన లోపలే ఉంది

కొండనాలుక వేలాడే మెత్తటి అంగిలి పైకి లేస్తే గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే దారి మూసుకుపోతుంది. అన్నం మింగేటప్పుడు, బుడగ ఊదేటప్పుడు ఇది తనంతట తానే జరుగుతుంది. మాస్క్ లేకుండా ఊపిరి తీయడమంటే ఆ కదలికను మన అదుపులోకి తెచ్చుకోవడమే. కొత్త శక్తేమీ సంపాదించనక్కర్లేదు.

జలనేతి చేసేవాళ్లకు ఇది తెలిసిన విద్యే

యోగాభ్యాసంలో గోరువెచ్చటి ఉప్పునీటిని ఒక ముక్కురంధ్రంలో పోసి రెండో దానిలోంచి వదులుతారు. అంతసేపూ నోటితోనే గాలి పీలుస్తారు. స్కూబాలో నేర్చుకునేదీ ఇదే: ముక్కులో నీరున్నా నోటితో ఊపిరి సాగించడం. మంచినీరు ముక్కులో మండుతుంది, కొలతగా ఉప్పు కలిపిన నీరు మండదు. మన ఒంట్లోని ద్రవాలకూ ఆ నీటికీ ఉప్పదనం సరిపోవడమే కారణం. నేతికి కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి.

తల ఎటు పెట్టామన్నది ముఖ్యం

గ్లాసును నిట్టనిలువుగా బోర్లించి నీటిలో ముంచితే లోపలి గాలి అలాగే నిలుస్తుంది. ముక్కూ అంతే. రంధ్రాలు కిందికి ఉండేలా చూపు కాస్త నేల వైపు పెడితే గాలి లోపలే ఉండి నీటిని ఆపుతుంది. తల వెనక్కి వాల్చితే ఆ గాలి బయటికి పోయి నీరు ఎక్కుతుంది. కొత్తవాళ్లు కంగారుపడి పైకి చూస్తారు, అక్కడే ఇబ్బంది మొదలవుతుంది.

పరీక్ష ఒక్క నిమిషం

స్కూబా శిక్షణ సంస్థ పాడి (PADI) నడిపే ఓపెన్ వాటర్ కోర్సులో, మాస్క్ లేకుండా కనీసం ఒక నిమిషం పాటు ఊపిరి తీయాలి. శిక్షకులు దీన్ని మెట్లుమెట్లుగా నేర్పుతారు. ముందు నిలబడగలిగే లోతులో ముఖం మాత్రం ముంచి రెగ్యులేటర్‌తో పీల్చడం. తర్వాత మాస్క్‌లోకి కొంచెం నీరు రానివ్వడం, ఆపైన సగం, ఆపైన నిండా. చివరికి పూర్తిగా తీసేయడం. నోటితో నిదానంగా పీల్చాలి, నోటితో గానీ ముక్కుతో గానీ నిదానంగా వదలాలి. మళ్లీ పెట్టుకున్నాక మాస్క్ పైఅంచును నుదుటికి అదిమి, చూపు పైకి తిప్పుతూ ముక్కుతో గాలి వదిలితే లోపలి నీరు కింది అంచు నుంచి వెళ్లిపోతుంది. పొరపాటున రెండు చుక్కలు గొంతులోకి పోయి దగ్గు వచ్చినా భయం లేదు. రెగ్యులేటర్‌ను నోట్లోంచి తీయకుండా అందులోకే దగ్గవచ్చు.

ఈత కళ్లద్దాలతో లోతుకు దిగకూడదు

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. కళ్లద్దాల లోపలి గాలి కుంచించుకుపోతే అద్దం కళ్లను లాగి పట్టేస్తుంది, రక్తనాళాలు చిట్లవచ్చు. స్కూబా మాస్క్ ముక్కును కూడా కప్పుతుంది కనుక ముక్కుతో కాస్త గాలి ఊది ఆ ఒత్తిడిని సరిచేయవచ్చు.

అద్దం లేని కన్నూ నేర్చుకుంటుంది

గాలిలో కాంతిని ఎక్కువగా వంచేది కంటి నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా. నీటిలో దాని శక్తి దాదాపు పోతుంది, అందుకే అంతా మసక. అయితే థాయ్‌లాండ్ తీరంలో సముద్రం మీదే బతికే మోకెన్ తెగ పిల్లలు యూరప్ పిల్లలకంటే నీటిలో రెట్టింపు స్పష్టంగా చూడగలరని స్వీడన్ శాస్త్రవేత్త ఆనా యిస్లేన్ బృందం 2003లో వెల్లడించింది. ఆ పిల్లలు కంటిపాపను బాగా చిన్నది చేసుకుంటారు. తర్వాత అభ్యాసం చేయించగా యూరప్ పిల్లలకూ అది వచ్చింది. చూపైనా ఊపిరైనా సాధనతో దారికొస్తాయి.

సిలిండర్‌లో ఉన్నది మామూలు గాలే

వినోదానికి డైవింగ్ చేసేవాళ్లు వీపున మోసేది సాధారణంగా ఆక్సిజన్ కాదు, మనం పీల్చే గాలే. అందులో 21 శాతం ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. శుద్ధ ఆక్సిజన్ 6 మీటర్లు దాటితే విషంలా మారి మూర్ఛ తెప్పించగలదు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ పీడనంతో నింపితే దాదాపు 2,400 లీటర్ల గాలి పడుతుంది. కంగారు పడేవాళ్లకు అది త్వరగా అయిపోతుంది, నిదానంగా పీల్చేవాళ్లకు ఎక్కువసేపు వస్తుంది.

అసలు ప్రమాదం పైకి దూసుకురావడంలో ఉంది

10 మీటర్ల లోతులో పీల్చిన గాలి నీటి పైకి వచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. మాస్క్ ఊడిందని బెదిరి, ఊపిరి బిగబట్టి పైకి ఎగిస్తే ఊపిరితిత్తులు చిరిగే ముప్పు ఉంది. స్కూబాలో మొదటి సూత్రం, ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. మాస్క్ లేని ఆ ఒక్క నిమిషం నేర్పేది దీన్నే.

కచ్చులూరు చెప్పే పాఠం

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తున్న రాయల్ వశిష్ట బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. వరద ఉద్ధృతి, సుడులు, లోతు కలిసి వెలికితీతను వారాల తరబడి ఆపాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పట్టు వదల్లేదు. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు అడుగుకు దిగి తాళ్లు బిగించడంలో తోడ్పడ్డారు. అక్టోబరు 22న బోటు ఒడ్డుకు చేరింది. బురదనీటిలో తడుముకుంటూ పనిచేసిన ఆ మనుషులకు మనమంతా రుణపడి ఉన్నాం. వాళ్ల పనికి పునాది, కళ్లు పనిచేయనప్పుడూ చెదరని ఊపిరి.

చెరువుల్లో, వాగుల్లో ప్రయత్నించకండి

పాల్వంచ దగ్గరి కిన్నెరసాని జలాశయంలో మొసళ్లున్నాయి. వెచ్చటి మంచినీటిలో ఉండే నెగ్లీరియా ఫౌలెరి అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరగలదు. 2024లో కేరళలో అది పిల్లల ప్రాణాలు తీసింది. ముక్కులోకి నీరు పోయే ఈ సాధన క్లోరిన్ సరిగ్గా కలిపిన కొలనులోనో సముద్రంలోనో, శిక్షకుడి పక్కనే జరగాలి.

నేర్చుకోవాలంటే

ఖమ్మం, భద్రాచలం వాళ్లకు విశాఖ రుషికొండ తీరం అందుబాటులో ఉంది, స్కూబా శిక్షకులు అక్కడ దొరుకుతారు. పాడి కోర్సుకు పదేళ్లు నిండాలి, 200 మీటర్లు ఈదగలగాలి, 10 నిమిషాలు నీటిపై తేలగలగాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్యలున్నవాళ్లు ముందుగా డాక్టర్‌ను కలవాలి.

స్కూబా అందరికీ కుదరకపోవచ్చు. దాని తొలి మెట్టు మాత్రం ప్రతి పిల్లకూ పిల్లాడికీ అందాలి. నీటి పైన నోటితో పీల్చడం, ముఖం ముంచి ముక్కుతో నెమ్మదిగా వదలడం. దీనికి సిలిండర్ అక్కర్లేదు, క్లోరిన్ కలిపిన నడుము లోతు నీరూ పక్కన ఈత వచ్చిన పెద్దవాళ్లూ ఉంటే చాలు. ఏటా వరద హెచ్చరికలు వినే జిల్లాల్లో ఈ పాఠం బడి ఆటల పీరియడ్‌లోకి రావాలి.