మన జెండాకు ఏ గుడ్డ?

ఆగస్టు 15 దగ్గర పడితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంగళ్లలో జెండాలు వేలాడతాయి. "నైలాన్‌ది తీసుకోప్పా, ఎండకూ వానకూ ఏమీ కాదు" అంటారు అంగడివాళ్లు. కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా కొంత వేసుకుని కొనే జెండా గనుక, ఎక్కువ రోజులు వచ్చేదే కావాలని మాకూ ఉంటుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

నైలాన్ తేలిక. చిన్న గాలికే ఎగురుతుంది, తడిస్తే తొందరగా ఆరుతుంది. విదేశాల్లో ఆరుబయట ఎగరేసే జెండాలకు దీన్ని బాగా వాడతారు. కానీ దానికి శత్రువు వాన కాదు, ఎండ. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు దారం బలం తగ్గుతుంది, రంగు వెలుస్తుంది. నూలు జెండా అయితే తడిసి బరువెక్కి కొయ్యకు అంటుకుంటుంది. ఏ గుడ్డయినా మొదట చినిగేది కొయ్యకు దూరంగా ఉండే అంచే. గాలికి కొరడాలా కొట్టుకునేది అదే కదా! ఆ అంచు కత్తిరించి మళ్లీ కుడదామంటే మన జెండాకు కుదరదు. పొడవు, వెడల్పు 3:2 ఉండాలి.

మరి నైలాన్ కొనవచ్చునా? 2002 జనవరి 26న అమలులోకి వచ్చిన పతాక నియమావళి చేత్తో వడికి, చేత్తో నేసిన ఖాదీనే ఒప్పుకుంది. 2021 డిసెంబరు 30న సవరించి మరనేత గుడ్డనూ, పాలియెస్టర్‌నూ చేర్చారు. నూలు, పాలియెస్టర్, ఉన్ని, పట్టు, ఖాదీ అని పేర్లున్నాయి. నైలాన్ పేరు లేదు. పట్టు ఉంది గనుక మన నీరుగట్టువారిపల్లె మగ్గాల గుడ్డకూ అర్హత ఉన్నట్టే, కాకపోతే ఆ ధర మనం అందుకోలేం! పాలియెస్టర్ వస్తే తమ పని పోతుందని ఖాదీ సంఘాలవాళ్లు 2022లో అభ్యంతరం చెప్పారు. వాళ్ల బాధలో న్యాయముందని మా అభిప్రాయం.

టాగూరు 1919 ఫిబ్రవరిలో మన మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉండగా జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. జెండా కథలో గుడ్డ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్యగారిని జనం 'పత్తి వెంకయ్య' అనేవారు. కంబోడియా పత్తి మీద ఆయన చేసిన కృషి అలాంటిది. ఆ జెండా మీద గాంధీజీ కోరింది రాట్నం. 1947 జులై 22న రాట్నం స్థానంలో 24 ఆకుల ధర్మచక్రం వచ్చింది, గుడ్డ మాత్రం ఖాదీగానే నిలిచింది.

కాబట్టి హాస్టల్‌కు 900×600 మిల్లీమీటర్ల ఖాదీ జెండా చాలు. 2022 జులై నుంచి రాత్రీ ఉంచవచ్చు గానీ సాయంత్రం దించితేనే ఎక్కువ కాలం వస్తుంది. తడిస్తే నీడన ఆరబెట్టి మడవాలి. చినిగినదాన్ని ఎగరేయకూడదు, తుడుపు గుడ్డ చేయకూడదు. నలుగురిలో కాకుండా, మర్యాదగా, పూర్తిగా కాల్చివేయడం మేలని నియమావళే చెబుతోంది.