మీకు తెలుసా? పాత కారు దానం, పన్ను లెక్కల వెనక సంగతులు

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో రేడియో నిండా సేవాసంస్థలది ఒకటే పిలుపు: మీ పాత కారు మాకివ్వండి, టో ట్రక్కు మేమే పంపిస్తాం, మీకు పన్నూ తగ్గుతుంది! డ్రైవ్‌వేలో పాత కామ్రీ ఒకటి మూలపడి ఉంటే ఆ మాటకు ఆశ పుట్టడం సహజమే. ప్రకటనలో చెప్పినది కొందరి విషయంలో నిజమే. చెప్పనిది మాత్రం చాలా ఉంది.

● ఆ ఏడాది లెక్కలోకి రావాలంటే డిసెంబరు 31 లోపు కారు ఇచ్చేయాలి. చెక్కు రూపంలో ఇచ్చే దానానికి పోస్టులో వేసిన తేదీ చాలు. క్రెడిట్ కార్డుతో ఇస్తే కార్డు గీసిన రోజే లెక్క, బిల్లు జనవరిలో కట్టుకోవచ్చు. కారుకు అంత వెసులుబాటు లేదు. ఫోన్లో ఇస్తానన్న మాట చెల్లదు, యాజమాన్య పత్రం, అంటే టైటిల్ మీద సంతకం పెట్టి బండి అప్పగించాలి. ఆ తర్వాత సంస్థ దాన్ని జనవరిలో వేలం వేసినా ఫర్వాలేదు.

● కారు విలువ ఎంతో తేల్చేది మీరు కాదు, వేలంపాట. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. పాత కార్ల ధరలు చూపే బ్లూబుక్ తెరిచి, అందులో కనపడిన మంచి ధర రిటర్న్‌లో రాసుకునేవారు. 2000 సంవత్సరపు రిటర్నుల్లో సుమారు 7 లక్షల 33 వేల మంది ఇలా మినహాయింపు అడిగారనీ, దానివల్ల వాళ్ల పన్ను దాదాపు 65 కోట్ల డాలర్లు తగ్గిందనీ అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే జీఏఓ 2003లో తేల్చింది. అదే నివేదికలో 54 కార్ల కథ ఆనవాలు పట్టి చూస్తే, మూడింట రెండు వంతుల కార్ల విషయంలో దాత రాసుకున్న విలువలో సేవాసంస్థకు దక్కింది 5 శాతమో, అంతకన్నా తక్కువో. దాత కాగితం మీద పెంచి రాసుకున్నాడు, వేలంలో ధర పలకలేదు, వచ్చిన కాస్తలో మధ్యవర్తులు, ప్రకటనల ఖర్చు పోయాయి. దాంతో 2004లో చట్టం మార్చారు. 2005 నుంచి 500 డాలర్లు దాటి మినహాయింపు కోరితే, సంస్థ కారును ఎంతకు అమ్మిందో అంతే. ఆ ఒక్క ఏడాదిలోనే కారు దానాల లెక్క దాదాపు మూడో వంతుకు పడిపోయింది. జనంలో దానగుణం అంత తొందరగా ఇంకిపోయిందని అనుకోలేం!

● మినహాయింపు అంటే పన్నులో అంత సొమ్ము మిగలడం కాదు. బజారులో 4,000 డాలర్లు చేసే కారు వేలంలో 900 పలికిందనుకుందాం. మీకు మినహాయింపు 900. మీరు 22 శాతం శ్లాబులో ఉంటే నిజంగా మిగిలేది 198 డాలర్లు. అదే కారు మీరే అమ్మి 4,000 దానమిస్తే సంస్థకూ ఎక్కువ, మీకూ ఎక్కువ. బాగా నడిచే కారుకు ఇదే సరైన దారి. కదలని బండికైతే టో ట్రక్కే మేలు.

● కారు 500 డాలర్లకో, అంతకు తక్కువకో అమ్ముడైతే ఒక చిన్న వరం ఉంది. బజారు విలువ, 500 డాలర్లు, ఈ రెండింటిలో తక్కువది రాసుకోవచ్చు. 700 చేసే కారును 300కే అమ్మేశారా? మీకు 500.

● పూర్తి బజారు విలువ దక్కే దారులూ ఉన్నాయి. సంస్థ ఆ కారును తన పనికే గట్టిగా వాడుకోవాలి, లేదా పెద్ద మరమ్మతు చేసి విలువ పెంచాలి, లేదా పేద కుటుంబానికి ఉచితంగానో బాగా తక్కువ ధరకో ఇవ్వాలి. 1996లో వెర్మాంట్‌లో మొదలైన గుడ్ న్యూస్ గరాజ్ చేసేది ఈ మూడో పనే. వచ్చిన కారును బాగుచేసి, పనికి వెళ్లడానికి బండి లేని ఇంటికి అందిస్తుంది. నన్నడిగితే, కారు ఇవ్వదలచినవాళ్లు మొదట వెతకాల్సింది ఇలాంటి సంస్థలనే. అయితే మినహాయింపు 5,000 డాలర్లు దాటితే అర్హత ఉన్న మదింపుదారు చేత విలువ కట్టించుకోవాలి.

● ఇన్ని లెక్కలూ చాలామందికి అసలు అక్కరకే రావు! కారు దానం పన్ను తగ్గించాలంటే రిటర్న్‌లో ఖర్చులన్నీ విడివిడిగా చూపించాలి, అంటే ఐటమైజ్ చేయాలి. 2025కు స్టాండర్డ్ డిడక్షన్ ఒంటరివాళ్లకు 15,750 డాలర్లు, భార్యాభర్తలు కలిసి వేస్తే 31,500. ఇంటి లోను వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్, దానాలు కలిపినా అది దాటని ఇళ్లే ఎక్కువ. అలాంటివాళ్లకు కారు ఇచ్చినందుకు పుణ్యమే తప్ప పన్నులో పైసా కలిసిరాదు. 2026 నుంచి ఐటమైజ్ చేయనివాళ్లకూ 1,000 డాలర్ల దాకా, దంపతులకు 2,000 దాకా దానాల మినహాయింపు వస్తోంది. కానీ అది నగదుకే, కారుకు కాదు.

● ఎఫ్-1 వీసా మీద చదువుకునే మన పిల్లల సంగతి ఇంకో రకం. నాన్‌రెసిడెంట్లుగా రిటర్న్ వేసేవాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం మన విద్యార్థులకు మాత్రం దాన్ని ఇస్తుంది. అది తీసుకున్నాక, చదువైపోయి ఊరు మారేటప్పుడు కారు దానమిచ్చినా పన్నులో తేడా ఉండదు. తర్వాతి బ్యాచ్ కుర్రాడికి అమ్ముకోవడమే లాభం.

● పడవలకూ, విమానాలకూ ఇవే నిబంధనలు.

● చెవిలో గింగిరాలు తిరిగే పాటతో కారు అడిగే కార్స్ ఫర్ కిడ్స్ గురించి మిన్నెసోటా అటార్నీ జనరల్ 2017లో ఒక నివేదిక ఇచ్చారు. 2012-14 మధ్య ఆ రాష్ట్రంలో సేకరించిన దాదాపు 30 లక్షల డాలర్లలో అక్కడి పిల్లల కోసం ఖర్చయింది 1 శాతం కూడా లేదన్నది దాని సారాంశం. సంస్థకు పన్ను గుర్తింపు ఉందో లేదో పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్లో వెతికితే తెలుస్తుంది. డబ్బు ఎటు పోతుందో మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి.

● టైటిల్ మీద కొత్త యజమాని పేరు ఖాళీగా వదలకండి. బండి పేరు మారేదాకా పార్కింగ్ జరిమానాలు, టోల్ బిల్లులు మీ ఇంటికే వస్తాయి. కాలిఫోర్నియాలో అయితే 5 రోజుల్లోగా వాహనాల శాఖ డీఎంవీకి బదిలీ సమాచారం ఇవ్వాలి, నంబరు ప్లేటు కారుతోనే పోతుంది. న్యూజెర్సీలో ప్లేట్లు ఊడదీసి తిరిగి అప్పగించాలి.

● కారు అమ్మిన 30 రోజుల్లో సంస్థ మీకు 1098-సి ఫారం పంపాలి. 500 డాలర్లు దాటి మినహాయింపు కోరితే అది రిటర్న్‌కు జతచేయాల్సిందే. ఏప్రిల్ గడువుకు అందకపోతే 4868 ఫారంతో గడువు పొడిగించుకోవచ్చు.

● మరి హైదరాబాదులోనో విజయవాడలోనో కారు దానమిస్తే? 80జి అని మనకు అలవాటైన మినహాయింపు డబ్బుకే తప్ప వస్తువులకు వర్తించదు. కారు అమ్మి, ఆ సొమ్ము మార్చి 31 లోపు చెక్కుతోనో బ్యాంకు ద్వారానో ఇవ్వాలి. నగదుగా ఇస్తే 2,000 రూపాయలు దాటకూడదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అదీ లేదు.