ఏడువేల చెట్లు నాటించిన కళాకారుడు

చిత్రకారుడనగా కుంచెయు రంగులును పట్టువాడని మనమెఱుగుదుము. జర్మనీ దేశస్థుడగు జోసెఫ్ బోయిస్ క్రొవ్వు, తేనె, ఉన్నిగుడ్డ మొదలగు వస్తువులతో కళను సాధింపజూచెను. జనుల యెదుట తాను చేయు చేతయు చిత్రముతో సమానమని యాతని మతము.

ఆతడు 1921వ సంవత్సరమున క్రేఫెల్డు పట్టణమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను విమానదళమునందు పనిచేయుచు, 1944 మార్చి 16వ తేదీని క్రిమియాలో విమానము కూలగా గాయపడెను. తాతారు జాతివారు తన యొడలికి క్రొవ్వు పూసి, ఉన్నిగుడ్డలు చుట్టి బ్రదికించిరని చెప్పుకొనెడివాడు. కాని మఱునాడే యాతడు జర్మను సైనిక వైద్యశాలలో చేరినట్లు నాటి కాగితములు తెలుపుచున్నవి. కావున నా కథను మేము నమ్మజాలము. ఓడిన సైన్యమునుండి వచ్చినవానికి అది క్రొత్త జన్మమువలె నక్కఱకు వచ్చినదేమో!

1965లో డ్యూసెల్డార్ఫు నందలి యొక చిత్రశాలలో తలకు తేనె పూసికొని, బంగారు రేకు లంటించుకొని, చచ్చిన కుందేలును చేతులలో బెట్టుకొని, దానికి చిత్రముల యర్థమును మూడు గంటలు బోధించెను. జనులు కిటికీ వెలుపల నిలిచి చూచిరి. అన్నియు దెలిసినవారమనుకొను వారికంటె కుందేలే మేలను నెత్తిపొడుపు అందు గలదని మాకు దోచుచున్నది.

1973లో లెవర్కూసెను పట్టణమున మఱియొక వింత జరిగెను. ఆతడు క్రొవ్వు, గాజుగుడ్డ మొదలగునవి చేర్చి కళాఖండముగా నుంచిన పసిపిల్లల స్నానపుతొట్టిని, విందుకు వచ్చిన యిరువురు స్త్రీలు మురికిదనుకొని చక్కగా దోమి, అందు గ్లాసులు కడిగిరి. ఆ యమ్మలను మేము నిందింపము. మనమైనను అంతియే చేసియుందుము!

ఉపాధ్యాయుని యింటి వారమగుటచే మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము వేఱు. ప్రతి మనుష్యునియందును సృష్టించు శక్తి కలదని నమ్మిన యాతడు, 1961 నుండి తాను ఆచార్యుడుగా నున్న డ్యూసెల్డార్ఫు కళాశాలలో, ప్రవేశము దొరకని విద్యార్థులను గూడ తన తరగతిలో జేర్చుకొనెను. అందులకే 1972లో ఉద్యోగము పోయెను.

1982లో కాసెల్ నగరమున 7000 రాతికంబములను చిత్రశాల యెదుట కుప్పవోయించి, ఒక చెట్టు నాటినగాని యొక రాయి కదలరాదని నియమము పెట్టెను. వానిలో ఓకు చెట్లే పెక్కు. కుప్ప తఱుగుకొలది ఊరు పచ్చనగుచు వచ్చెను. 1986 జనవరి 23వ తేదీని ఆతడు మరణించెను. మరుసటి యేట కుమారుడు కడపటి చెట్టును మొదటిదాని ప్రక్కనే నాటెను. రాళ్లు నాటినంతటనే యున్నవి. వాని ప్రక్క బక్కగా నిలిచిన మొక్కలు నేడు వీధులకు నీడ నిచ్చుచున్నవి.